మంకెన రంగు

స్టెల్లా నాకు నాలుగేళ్ళుగా తెలుసు. అందులో మొదటి రెండేళ్ళ పది నెలలు ఆమె పేరు స్టెల్లా అని నాకు తెలియదు. మంకెన అనే తెలుసు. ఫోన్లో ఆడే ఒక పెద్ద ఆటలో ఆమె పెట్టుకున్న పేరు అది.

ఆట పేరు ఏడు కోటలు. ఒకేసారి వేలమంది అందులో ఉంటారు. ప్రతి మనిషికీ ఒక ఒళ్ళు, ఒక వృత్తి, వేసుకునేందుకు బట్టలు ఉంటాయి. కొందరు యుద్ధాలు చేస్తారు, కొందరు పొలం దున్నుతారు, కొందరు ఊరికే సంతలో తిరుగుతారు. నలభై యాభై మంది కలిసి ఒక దళం కట్టుకోవచ్చు. చిత్తూరు బస్టాండు దగ్గర నాకు కళ్ళద్దాల దుకాణం ఉంది. మధ్యాహ్నం పూట గిరాకీ ఉండదు. ఆ ఖాళీలో మొదలుపెట్టిన ఆట అది. మా దళం పేరు స్వర్ణముఖి. తిరుపతి, చిత్తూరు, కాళహస్తి, మదనపల్లె వాళ్ళమే ఎక్కువ. మా దళానికి పెద్ద, అంటే దళపతి, మంకెన.

ఆమె దళపతి అయ్యింది యుద్ధాలు చేసి కాదు. ఆ ఆటలో మనిషి పేరు కనపడటానికి ముందే బట్ట కనపడుతుంది. దూరంనుంచి ఎవరో నడిచి వస్తుంటే ఆ బట్టను బట్టే లేచి నిలబడతారు, లేదా పక్కకు తిరుగుతారు. డబ్బున్నవాళ్ళు కంపెనీ అమ్మే రంగులు కొనుక్కుంటారు. అవి సినిమా హాలు లైట్లలాగా మెరుస్తాయి. ఇంకో దారి ఉంది. అడవుల్లో తిరిగి ఆకులూ వేళ్ళూ మట్టీ ఏరుకొచ్చి, ఉడకబెట్టి, కలిపి, సొంతంగా రంగు తయారు చేయవచ్చు. దానికి పుస్తకం లేదు. ఓపిక కావాలి. చాలామంది రెండు రోజులు ప్రయత్నించి వదిలేస్తారు.

మంకెన వదల్లేదు. ఆమె తయారుచేసిన ఎరుపు మొత్తం ఆటలో ఇంకెవరి దగ్గరా లేదు. అది కొత్త చీర ఎరుపు కాదు. పది ఉతుకులు తిన్న తర్వాత నూలు మీద మిగిలే ఎరుపు. ఏటా ఒకసారి జరిగే కోటల పండగలో దళాలన్నీ ఊరేగింపుగా వెళతాయి. మొదటి ఏడాది మేం నలభై ఆరుగురం ఆ రంగు వేసుకుని వంతెన దాటుతుంటే, రెండు పక్కలా నిలబడిన వాళ్ళు చాట్‌లో రాయడం కూడా ఆపేశారు. ఆ ఏడాది మాకే మొదటి బహుమతి. ఆ తర్వాతి ఏడాదీ మాకే.

ఆమె ఎప్పుడూ గొంతుతో మాట్లాడేది కాదు. రాసేది. పొట్టిపొట్టి మాటలు రాసేది. "రేపు చూద్దాం." "తప్పు నీదే, పోయి చెప్పు." ఎవరైనా గొడవపడితే ఆమె చెప్పిందే తీర్పు. మేం దాన్ని పెద్దరికం అనుకున్నాం. అందరం అమ్మా అనేవాళ్ళం. ఆమె నడిచి వస్తే తల వంచి నమస్కారం పెట్టేవాళ్ళం, దానికి ఒక బొమ్మ ఉంటుంది ఆటలో.

ఎవరికైనా రంగు చేసిపెట్టేముందు ఆమె ఒక ప్రశ్న అడిగేది. నీకు ఇష్టమైన రంగేది అని కాదు, మీ ఇంట్లో పాతబడిన వస్తువు ఏదైనా చెప్పు అని. నేను మా నాయన గొడుగు గురించి చెప్పాను. నల్లగుడ్డ, ఎండకు ఎండి, మడతల దగ్గర తుప్పురంగు తిరిగింది. నాలుగు రోజుల తర్వాత ఆమె నాకొక శాలువా ఇచ్చింది. దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఫోను చూస్తూ చాలాసేపు అట్లాగే ఉండిపోయాను. అదే రంగు. మా నాయన పోయి పదహారేళ్ళయింది.

దళం తరఫున మాకు ఆటలో కొంచెం స్థలం ఉండేది. అందులో మంకెన ఒక ఇల్లు కట్టుకుంది. లోపల మంచం లేదు, కుర్చీలు లేవు. దండేలు కట్టి బట్టలు ఆరేసి ఉండేవి, మూడేళ్ళుగా ఆమె చేసిన ప్రతి రంగూ ఒక్కో గుడ్డ. పక్క కోటల నుంచి కూడా ఆ ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళు.

ఆమె తిరుపతిలో ఉంటుందని మాత్రం మాకు తెలుసు. మిగతాది మేమే అల్లుకున్నాం. ఒకరు యూనివర్సిటీలో ప్రొఫెసర్ అన్నారు. ఇంకొకరు ఎవరో పెద్ద ఆఫీసరు భార్య అన్నారు. మా దళంలో రెండోవాడు గిరిప్రసాద్. బంగారుపాళ్యం వైపు మామిడి తోటలున్న కుటుంబం, చిత్తూరులో కాపురం. ఒకసారి అతనే నేరుగా అడిగాడు. "అమ్మా, మీరు యూనివర్సిటీలో చేస్తారంట గదా." మంకెన జవాబు రాయలేదు. మేం దాన్ని అవుననే అనుకున్నాం.

ఆమె తర్వాత నాతో చెప్పిన దాన్ని బట్టి అసలు సంగతి ఇది.

స్టెల్లాకు ముప్పై తొమ్మిదేళ్ళు. కాళహస్తికి దగ్గర్లో ఒక పల్లెలో పుట్టింది. వాళ్ళ ఇళ్ళు ఊరికి అవతల, చర్చి పక్కన. తల్లి తాయమ్మ కలంకారీ బట్టలు ఉతికే కూలిపని చేసేది. బొమ్మలు వేసిన గుడ్డను పటిక నీళ్ళలో ఉడకబెట్టడం, ఏటి నీళ్ళలో జాడించడం, ఇసుక మీద ఆరబెట్టడం. స్టెల్లా చిన్నప్పుడు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి గుడ్డ అంచు పట్టుకునేది. ఏ ఎరుపు ఎన్ని ఉతుకులకు ఎట్లా మారుతుందో ఆ పిల్లకు కళ్ళతో తెలిసిపోయింది. ఆ బట్టల మీద బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు ఊళ్ళో అందరికీ తెలుసు. ఉతికినవాళ్ళ పేర్లు ఎవరూ అడగలేదు.

పెళ్ళయ్యాక తిరుచానూరు వచ్చింది. భర్త ఇమ్మానుయేల్ గోడలకు సున్నాలు, రంగులు వేస్తాడు. శ్రీహరికోట వైపు కాంట్రాక్టు పనులకు పోయి పదిహేను రోజులకొకసారి వస్తాడు. కూతురు జెస్సీ చిత్తూరులో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంటుంది. స్టెల్లా అమ్మవారి గుడికి రెండు వీధుల అవతల ఒక నాలుగంతస్తుల లాడ్జిలో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. రోజూ డెబ్భై ఎనభై దుప్పట్లు, అన్ని దిండు గలీబులు. కొండ మీద గుండు కొట్టించుకున్నవాళ్ళు నెత్తికి చందనం పూసుకుని వచ్చి పడుకుంటారు. ఆ పసుపు మరక ఎంత ఉతికినా పూర్తిగా పోదు. ఉతికిన బట్టలు మిద్దె మీద ఆరేసి, అవి ఆరేదాకా నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చోవాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆమెకు ఆ నీడే దొరికేది.

జెస్సీ కొత్త ఫోను కొనుక్కుని పాతది తల్లికి ఇచ్చింది. అందులో ఏడు కోటలు ఆట అట్లాగే ఉంది. జెస్సీకి అది నాలుగు రోజుల్లో విసుగుపుట్టింది. స్టెల్లా ట్యాంకు నీడలో కూర్చుని దాన్ని తెరిచి, పిల్ల పెట్టిన పేరు తీసేసి మంకెన అని పెట్టుకుంది. మొదటి మూడు నెలలూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆకులు ఏరింది, ఉడకబెట్టింది. ఏది ఎంత కలిపితే ఏమయిందో లాడ్జి చీటీల వెనక పెన్సిలుతో రాసుకుంది.

"ఎందుకు మాట్లాడలేదు?" అని అడిగాను.

"ఏం మాట్లాడాల సార్. మాట్లాడితే నేను యాడిదాన్నో తెలిసిపోదా?" అంది.

కార్తీకంలో తిరుచానూరు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. కిందటేడు పంచమి తీర్థానికి గిరిప్రసాద్ భార్యతో కలిసి వస్తున్నట్టు దళం చాట్‌లో రాశాడు. "అమ్మా, ఈసారన్నా మిమ్మల్ని కళ్ళతో చూడాల. మీ ఇంటికొచ్చి ఇబ్బంది పెట్టం. మా రూముకే రండి, ఒక టీ తాగి పోదురు." ఇంకో ఇరవైమంది కింద రాశారు, పోండమ్మా, ఫోటో పెట్టండమ్మా అని. నేను కూడా వస్తానన్నాను. రూము దొరికిన లాడ్జి పేరు గిరిప్రసాద్ చాట్‌లో పెట్టాడు. అది స్టెల్లా పనిచేసే లాడ్జి.

ఒక రోజంతా ఆమె ఏమీ రాయలేదు. మరునాడు రాసింది: "మూడు గంటలకు వస్తాను."

ఎందుకు వస్తానన్నావని నేను తర్వాత ఆమెను అడిగాను. "మూడేండ్లు సార్. మీరంతా నా మాట విన్నారు. మనిషిని చూసినా వింటారేమో అనుకున్నా." ఆ రోజు ఆమె సంచిలో మంచి చీర పెట్టుకుని పనికి వచ్చింది. రెండున్నరకు పని ముగించి, కింద కడుక్కుని, చీర మార్చుకుని పైకి రావాలని ఆమె లెక్క.

నేను బస్సు దిగి ఆ జనంలో తోసుకుంటూ లాడ్జి చేరేసరికి రెండుంబావు. మూడో అంతస్తులో రూము. గిరిప్రసాద్‌ను నేను అంతకుముందు ఒకసారి చూశాను. నలభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. అతని భార్య భానుప్రియ ఫ్లాస్కు, రెండు స్టీలు గ్లాసులు, మురుకుల డబ్బా ఇంటినుంచే తెచ్చుకుంది. పడక వైపు చూపించి నాతో అంది, "సూడండన్నా, దిండ్లకు ఈ మరకలేంది? కింద చెప్పి గంటయింది."

కింద సూపర్‌వైజరు సుబ్రమణ్యం ఆ ఫిర్యాదు విని, అప్పుడే చేతులు కడుక్కుంటున్న స్టెల్లాకు ఉతికిన గలీబులిచ్చి పైకి పంపాడు. వేరేవాళ్ళను పంపమని ఆమె అడిగింది. పండగరోజు, ఇంకెవరూ లేరన్నాడు.

తలుపు తట్టి ఒక మనిషి లోపలికి వచ్చింది. సన్నగా, నల్లగా, తడిసిన కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఉంది. దిండ్లకు గలీబులు మారుస్తుంటే భానుప్రియ చెప్పింది, "ఇదీ అట్లే ఉండాదే, ఇదీ మరకే గదమ్మా."

"అది చందనం మేడం. పోదు. మురికి కాదు, ఉతికిందే," అంది ఆమె.

గిరిప్రసాద్ ఇదేదీ వినలేదు. ఫోన్లో రాస్తున్నాడు. "అమ్మా, యాడిదాకా వచ్చినారు? జనం ఎక్కువుండారు, నేను కిందికి దిగేదా?" రాసి నా వైపు తిరిగి, "పెద్దావిడ అప్పా, ఈ తోపులాటలో ఎట్లొస్తాదో ఏమో," అన్నాడు.

ఆమె పాత గలీబులు చంకలో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. వెళ్ళిపోయి ఉండవచ్చు. కింద ఆమె ఫోను సంచిలో ఉంది, రాలేకపోయానని ఒక్కమాట రాస్తే సరిపోయేది. మేం ఇంకో మూడేళ్ళు అమ్మా అని ఉండేవాళ్ళం.

"వచ్చినాను సార్," అంది.

గిరిప్రసాద్ తలెత్తాడు. "ఏమ్మా?"

"మంకెన... వచ్చినాది సార్."

అతను గబుక్కున లేచాడు. "మేడం వచ్చినారా? కింద ఉండారా? నిన్ను పంపించినారా?" చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"కింద ఎవురూ లేరు. నేనే సార్ మంకెన."

ముగ్గురం ఆమెను చూశాం. భానుప్రియ నవ్వింది, వెంటనే ఆపుకుంది. గిరిప్రసాద్ ఒక చెప్పు వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో ఆటపట్టిస్తున్నారని అతను అనుకున్నట్టు మొహం చూస్తే తెలుస్తోంది.

"మీ అమ్మ శకుంతలమ్మ చీర," అంది స్టెల్లా. "సంవత్సరీకం నాడు మీరు అడిగినారు. ఉల్లిపొర రంగంటిరి. రెండుసార్లు చేస్తే కాదంటిరి. మూడోసారి చేసిందాంట్లో రవ్వంత బూడిద కలిపినాను. అప్పుడు మీరు, ఇదే, ఇది కట్టుకునే మా యమ్మ నన్ను బడికి తోడుకోనిపోయేది అని రాసినారు."

గిరిప్రసాద్ మొహం ఎర్రబడింది. ఆ సంగతి అతను భార్యకు కూడా చెప్పినట్టు లేదు. మెల్లగా మంచం మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అందరం మర్యాదగానే ఉన్నాం. భానుప్రియ, "కూర్చో... కూర్చోండి," అంది. రూములో ఉన్నవి రెండు కుర్చీలు, ఒక దాంట్లో నేనున్నాను. ఇంకోదాని మీద వాళ్ళ బ్యాగు ఉంది. నేను లేవలేదు. బ్యాగు ఎవరూ తీయలేదు. "పర్వాలేదు మేడం," అని ఆమె నిలబడింది.

"మీ పేరేంది? ఏ ఊరు?" అడిగింది భానుప్రియ.

"స్టెల్లా మేడం. కాళహస్తి పక్కన."

"ఊర్లో ఏ వీధి?"

"వీధి కాదు మేడం. బయట. చర్చి కాడ."

"ఆహా," అంది భానుప్రియ.

ఫ్లాస్కులోంచి టీ పోసింది. ఒక స్టీలు గ్లాసు భర్తకు, ఒకటి నాకు. తర్వాత సంచి అంతా వెతికి, అడుగున ఎక్కడో అణిగిపోయిన ఒక కాగితం కప్పు తీసి, ఊది, దాంట్లో పోసి స్టెల్లాకు ఇచ్చింది. తాను తాగలేదు. నేను ఆ కప్పును చూశాను. నా చేతిలో గ్లాసును చూశాను. టీ తాగాను. యాలక్కాయ వేసిన మంచి టీ.

గిరిప్రసాద్ ఏదో ఒకటి మాట్లాడాలని, "ఈ పని ఎన్నేండ్ల నుంచి చేస్తుండారు?" అన్నాడు. చెప్పింది. "ఆ రంగులంతా ఎట్లొచ్చినాయి?" చెప్పబోయింది. వరండాలోంచి సుబ్రమణ్యం ఎవరినో కేకలేస్తున్న శబ్దం వినపడి, వెళ్ళొస్తానంది. గిరిప్రసాద్ జేబులో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి పర్సుతో బయటికి రావడం ఆమె చూసింది.

"ఒద్దు సార్," అంది.

మూడేళ్ళలో ఆమె అతన్ని గిరీ అనే రాసేది. తలుపు దగ్గరికి జరిగి, గలీబులు ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె సంచిలో ఉన్న చీర ఏ రంగో నేనెప్పుడూ అడగలేదు.

ఆమె వెళ్ళాక భానుప్రియ, "మంచిమనిషి మాదిరే ఉండాది, పాపం," అంది. గిరిప్రసాద్ కాలికున్న ఒక్క చెప్పూ విప్పి పక్కన పెట్టాడు. చివరికి, "మనకి చెప్పుండాల్సింది అప్పా," అన్నాడు. "మోసం గదా ఇది."

ఏం మోసం అని నేను అడగలేదు. ఆమె మాతో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదని నాకు బస్సులో గుర్తొచ్చింది. అప్పటికి బస్సు చంద్రగిరి దాటింది.

వారం లోపల ఇంకో గ్రూపు పుట్టింది. అందులో దళం వాళ్ళందరం ఉన్నాం, మంకెన తప్ప. ఎవరూ చెడ్డమాట రాయలేదు. ఒకాయన, "మూడేండ్లు మనకు ఆజ్ఞలేసింది దుప్పట్లుతికే మనిషా," అని రాసి నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. ఇంకొకరు, "పని చేసుకునేవాళ్ళను తక్కువగా చూడకూడదు, కానీ పెద్దరికం వేరే సంగతి," అని రాశారు. "వాళ్ళకు ఒకసారి సందిస్తే ఇంతే," అని ఒకరు రాసి రెండు నిమిషాల్లో తీసేశారు. చాలామంది చదివాం. వాళ్ళు అంటే ఎవరు అని ఎవరూ అడగలేదు.

ఆటలో ఆమె ఎదురైతే నమస్కారం బొమ్మ పెట్టడం ఒక్కొక్కరే మానేశారు. అమ్మా పోయి పేరు వచ్చింది. పేరు తర్వాత నువ్వు వచ్చింది. "నాకు నాలుగు గజాలు ఎరుపు కావాల, రేపటికి చెయ్." ఆమె చేసి ఇచ్చింది. ఆమె ముందటిలాగే పొట్టిగా రాసేది. అవే మాటలు ఇప్పుడు జనానికి పొగరుగా కనిపించాయి.

సంక్రాంతికి ముందు దళపతి పదవికి ఓటు పెట్టారు. పండగ ఏర్పాట్లకు ఎక్కువ సమయం ఇవ్వగలిగిన మనిషి కావాలన్నది కారణం. నలభై ఆరుమందిలో నలభై ఒక్కమంది గిరిప్రసాద్‌కు వేశాం. నేనూ వేశాను. గిరిప్రసాద్ రోజూ నాతో మాట్లాడేవాడు, ఒకే ఊరివాళ్ళం, అతని కుటుంబం అంతా మా దుకాణంలోనే కళ్ళద్దాలు చేయించుకుంటుంది. ఇవి నేను ఆ రోజు నాకు చెప్పుకున్న కారణాలు. ఇప్పుడు చెప్పుకోవడానికి ఇంకేమీ లేవు.

ఓటు అయిన మరునాడు గిరిప్రసాద్ ఆమెకు రాశాడు. పండగకు నలభై ఆరు దుస్తులు కావాలి, ఎరుపు ఎట్లా కలుపుతారో దళం పుస్తకంలో రాసిపెట్టమని. ఆమె అంతకుముందే రాసిపెట్టి ఉంది. మొదటి ఏడాదే, తనకు ఏమన్నా అయితే మిగతావాళ్ళకు ఉపయోగపడుతుందని. దుస్తులు మాత్రం ఈసారి తాను చేయలేనంది.

"ఎందుకు?" అని రాశాడు గిరిప్రసాద్.

"చేతులు నొస్తుండాయి."

అది ఆమె నిజమే రాసింది. బట్టల సోడా నీళ్ళకు వేళ్ళ సందులు పగిలి, ఆ నెలంతా ఫోను సరిగా పట్టుకోలేకపోయింది. చాట్‌లో అది వెక్కిరింత అనుకున్నారు. రెండు రోజుల తర్వాత ఆమెను దళంలోంచి తీసేశారు.

ఆ ఆటలో దళం స్థలంలో కట్టిన ఇల్లు దళానిదే. మనిషిని తీసేస్తే ఇల్లు, అందులోని సామాను దళానికి ఉండిపోతాయి. అది కంపెనీ పెట్టిన నియమం, ఆటలో చేరేటప్పుడు అందరం చదవకుండానే ఒప్పుకున్నాం. ఆమె మరునాడు మధ్యాహ్నం ట్యాంకు నీడలో కూర్చుని ఆట తెరిస్తే, మంకెన ఏ ఊరూ కాని ఒక బాట మీద నిలబడి ఉంది. ఒంటిమీద ఉన్న బట్ట ఒక్కటే మిగిలింది. నడుచుకుంటూ ఇంటి దగ్గరికి వెళ్ళింది. గడప దగ్గర అడుగు ముందుకు పడలేదు. లోపల దండేల మీద గుడ్డలు కనపడుతూనే ఉన్నాయి.

ఆ ఏడాది పండగలో మేం గెలవలేదు. పుస్తకంలో రాసిన ప్రకారమే కలిపారు, రంగు మాత్రం అట్లా రాలేదు.

నేను ఆమెను మళ్ళీ చూసింది జూన్‌లో. బెంగళూరు నుంచి వస్తూ బంగారుపాళ్యం దగ్గర మా బస్సు చెడిపోయింది. రోడ్డు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, గేటు ముందు టీ బంకు. మధ్యాహ్నం భోజనాలకు ఆడవాళ్ళు గుంపులుగా బయటికి వస్తున్నారు, తలకు టోపీలు, ఒంటికి ప్లాస్టిక్ గౌన్లు. అందులోంచి ఒకామె నన్ను చూసి ఆగింది. నేను గుర్తుపట్టలేదు. ఆమే దగ్గరికొచ్చి, "బాగుండారా సార్?" అంది.

లాడ్జివాళ్ళు బట్టలు రేణిగుంట రోడ్డులో ఎక్కడో మిషన్లకు ఇచ్చేస్తున్నారట. పనివాళ్ళు ఐదుగురినీ మార్చి నెలలో మాన్పించారు. సీజను రెండు నెలలూ ఇక్కడే రేకుల షెడ్డులో ఉండి కాయలు కోసే పని. వేళ్ళకు గుడ్డలు చుట్టుకుని ఉంది. "మామిడి జీడి పడితే పుండ్లవుతాయి సార్," అంది నేను చూడటం చూసి. "మొన్న గిరిప్రసాద్ సార్ వాళ్ళ లోడు గూడా వచ్చినాది. మంచి కాయ."

టీ ఇప్పించాను. బంకువాడు అందరికీ గాజు గ్లాసుల్లోనే ఇస్తున్నాడు. అప్పుడే ఆమె నాకు తన సంగతంతా చెప్పింది, మధ్యలో చాలాసార్లు ఆగుతూ.

"ఆట ఆడుతుండావా?" అని అడిగాను. నువ్వు అనేశానని నాకు తర్వాత తెలిసింది.

"మానేసినా. మళ్ళా ఇంకో పేరుతో మొదులుపెట్టినా సార్, ఫిబ్రవరిలో. దూరంగా, ఆరో కోటలో. ఎవురికీ తెలీని చోట. మొదట్నుంచీ ఆకులేరుకోని, అన్నీ చేసుకోని, ఒకనాడు ఆ ఎరుపు చేసినాను. గుడ్డకేసి సంతకి కట్టుకోనిపోయినా." టీ గ్లాసు కింద పెట్టింది. "ఒకాయన వచ్చి, ఇది మంకెన రంగు, స్వర్ణముఖి వాళ్ళది, యాడ దొంగిలించినావు అన్నాడు. ఇంకో పదిమంది చేరినారు. దొంగ అని నా పేరు మీద రాసినారు. ఆ ఎరుపు కలిపేది రాసిన పుస్తకం మీద మీ దళం పేరుండాది గదా."

"నువ్వేనని చెప్పలేదా?"

"చెప్తే నమ్ముతారా సార్? ఒకతూరి చెప్పినాను గదా."

"స్టెల్లా, నేను కూడా గిరిప్రసాద్‌కే ఓటేసినాను," అన్నాను.

"తెలుసు సార్. ఎవురెవురు ఏసినారో పేర్లు వస్తాయి."

క్షమించమనో ఏదో అనబోయాను. ఆమె అప్పటికే లేచింది. షెడ్డులోంచి ఎవరో పిలుస్తున్నారు. "మీ నాయన గొడుగు రంగు బాగొచ్చినాది సార్," అంది. "అది మాత్రం నాకు బాగా కుదిరినాది." ఇంతమందిలో, ఇంత జరిగాక, ఆమె నాకు ఇవ్వగలిగిన మంచిమాట అది. జాగ్రత్తగా చూసి వెళ్ళమని చెప్పి గేటులోపలికి పోయింది. నా ఫోన్ నంబరు తీసుకోమంటే తీసుకుంది. ఆమె నాకు ఫోను చేయలేదు.

దసరా వచ్చేసరికి స్వర్ణముఖి దళం చెదిరిపోయింది. దానికి స్టెల్లా కారణం కాదు. కొత్తగా ఇంకో ఆట వచ్చింది, గిరిప్రసాద్ అందులోకి పోయాడు, అతని వెనక ముప్పైమంది పోయారు. మిగిలినవాళ్ళకు ఆసక్తి తగ్గింది. ఎవరూ పోట్లాడుకోలేదు, వీడ్కోలు చెప్పుకోలేదు. ఒకరోజు తెరిచి చూస్తే, మనిషి ఆటలో ఉన్నట్టు చూపించే పచ్చచుక్క దళంలో నాదొక్కటే. మూడేళ్ళ ఇల్లు ఆమె చేతిలోంచి లాక్కున్నవాళ్ళకు అది తొమ్మిది నెలలు కూడా అక్కర్లేకపోయింది.

నేను అప్పుడప్పుడూ ఆ ఇంట్లోకి వెళ్ళి నిలబడేవాణ్ణి. దళం మనిషిని కాబట్టి నాకు అడ్డులేదు. గుడ్డలను తాకవచ్చు, తీసుకోవడానికి లేదు, దళపతి అనుమతి కావాలి. గిరిప్రసాద్‌కు ఫోన్ చేశాను. "నాకు పాస్‌వర్డు గూడా గుర్తులేదప్పా," అన్నాడు. నిజమే చెప్పాడని అనుకుంటాను. అక్టోబరు చివర కంపెనీవాళ్ళ నోటీసు వచ్చింది. పదిమంది కూడా తిరగని స్థలాలన్నీ నవంబరు నెలాఖరుకు ఖాళీ చేస్తారట, అందులో ఉన్నవి మళ్ళీ రావట.

ఆమెకు చెప్పాలనిపించింది. ఫ్యాక్టరీలో అడిగి, వాళ్ళ మేస్త్రీ దగ్గర నంబరు సంపాదించి ఫోన్ చేశాను. తిరుపతిలో ఒక కళ్యాణమండపంలో గిన్నెలు కడిగే పనిలో ఉంది. వెనక నీళ్ళ శబ్దం, అండాలు ఈడ్చే శబ్దం. ఇల్లు తీసేస్తున్నారని చెప్పాను. ఫోటోలు కావాలంటే తీసి పంపిస్తానన్నాను, ఒక్కో గుడ్డకూ ఒకటి.

"ఈ ఫోన్లో ఫోటోలు రావు సార్. ఇప్పుడుండేది బటన్ల ఫోను," అంది.

జెస్సీ నంబరుకు పంపనా అన్నాను.

"దానికెందుకు సార్ అవి."

నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"ఇంకేమన్నా చెప్పాల్నా సార్?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. చేతులు తడిగా ఉన్నాయి, పెట్టేస్తానని చెప్పి పెట్టేసింది.